యజమాని ఎవరో తెలియని ఉద్యోగాలు

సంపాదకులకు నమస్కారం.

కొన్నాళ్లుగా మీ విశాఖ ఎడిషన్ తెరిస్తే ఐటీ వార్తలే ముందు కనిపిస్తున్నాయి. రుషికొండలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చారు. కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కూ అదే ధర. 2025 అక్టోబరులో గూగుల్ 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించింది. చదివి సంతోషించేవాళ్లలో నేనూ ఉన్నాను. మా గాజువాక పిల్లలు సామాన్లు సర్దుకుని బెంగళూరు రైలెక్కడం తగ్గితే ఎవరికి చేదు?

అయితే ఇదే ఊరికి ఇంకో రకం ఉద్యోగాలు వస్తున్నాయి. వాటికి ఎకరం భూమి అక్కర్లేదు, శంకుస్థాపన లేదు, ఎంఓయూ మీద సంతకాల ఫొటో లేదు. కంపెనీ ఆస్టిన్‌లోనో బెర్లిన్‌లోనో సింగపూర్‌లోనో ఉంటుంది. మన దేశంలో దానికి ఆఫీసు, బోర్డు, రిజిస్ట్రేషన్ ఏవీ ఉండవు. ఉద్యోగి మాత్రం మధురవాడ ఫ్లాట్‌లోనో, పెదగంట్యాడలో నాన్న కట్టిన ఇంటి మేడ మీద గదిలోనో కూర్చుని రాత్రి 7 నుంచి తెల్లవారుజాము 3 దాకా పని చేస్తుంటాడు. వీళ్ల గురించి పేపర్లో ఎప్పుడూ ఒక్క ముక్క రాదు, అందుకే ఈ ఉత్తరం.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఆటోనగర్ చుట్టుపక్కల చిన్న పరిశ్రమలకు పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలు చూస్తున్నాను. ప్రతి నెలా 15వ తేదీ లోపు చలాన్లు కట్టించడం, ఇన్‌స్పెక్షన్ వస్తే రిజిస్టర్లు చూపించడం నా పని. నా దగ్గరకు వచ్చే కుర్రాళ్లలో చాలామంది నా పాత క్లయింట్ల పిల్లలే. లేత్ వర్క్‌షాపు నడిపే ఒకాయన మొన్నీమధ్య కొడుకు ఆఫర్ లెటర్ ప్రింటు తీసుకుని వచ్చాడు. “ఏటి మేడమ్ ఇది? మావోడికి జీతం ఓ కంపెనీ ఇత్తాది, పని ఇంకో కంపెనీకి సేత్తన్నాడు. మోసం కాదు గదా?” అన్నాడు. ఆయన టెన్షన్‌లో అర్థముంది. లెటర్ మీద పేరు కొడుకు చెప్పిన అమెరికా కంపెనీది కాదు, ఇంట్లో ఎవరూ వినని ఓ భారతీయ ప్రైవేటు లిమిటెడ్ కంపెనీది.

అది మోసం కాదని ఆయనకు చెప్పి పంపించాను. దాన్ని ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ పద్ధతి అంటారు. పిల్లలు ఈఓఆర్ అని పొట్టిగా పిలుస్తారు. ఇలాంటిది ఎందుకు పుట్టిందో ముందు చెబుతాను.

విదేశీ కంపెనీ ఇక్కడ సొంతంగా మనుషుల్ని పెట్టుకోవాలంటే మామూలు దారి సబ్సిడరీ, అంటే ఇక్కడే రిజిస్టరు చేసిన అనుబంధ కంపెనీ. ఐటీ సేవల్లో నూరు శాతం విదేశీ పెట్టుబడికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, అంతవరకు సులువే. కానీ ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు కావాలి. డైరెక్టర్లలో ఒకరైనా ఏడాదిలో 182 రోజులు ఇండియాలో ఉన్నవాళ్లయి ఉండాలి. షేర్లు కేటాయించిన 30 రోజుల్లో రిజర్వ్ బ్యాంకుకు రిపోర్టు, ఏటా ఆడిట్, బోర్డు మీటింగులు, రిటర్నులు తప్పవు. రెండు వందల మందిని తీసుకునేవాడికి ఇది లెక్కలోకి రాదు. ఒక టెస్టర్, ఒక డిజైనర్ కోసం ఇంత తతంగం ఎవడు పెట్టుకుంటాడు? లైజన్ ఆఫీసు, అంటే సంప్రదింపుల కోసం మాత్రమే ఉండే ఆఫీసు, తెరవవచ్చుగానీ, దానితో వ్యాపారం చేయకూడదు.

అందుకని మిగిలినవి రెండు దారులు. మొదటిది ఈఓఆర్. ఇక్కడ రిజిస్టరైన ఒక కంపెనీ తన పేరు మీద మనవాణ్ని ఉద్యోగంలోకి తీసుకుంటుంది. పని చెప్పేది, సెలవు ఇచ్చేది, మెచ్చుకునేది, తిట్టేది విదేశీ కంపెనీ. నెలాఖరున విదేశీ కంపెనీ డాలర్లలో బిల్లు కడితే, ఇక్కడి కంపెనీ రూపాయల్లో జీతం వేసి టీడీఎస్, పీఎఫ్, మన రాష్ట్రంలో నెలకు 200 రూపాయల వృత్తి పన్ను కోసి కడుతుంది. ఫారం 16 ఇస్తుంది. ఈ సేవకు దాని ఫీజు దానికి ఉంటుంది. రెండో దారిలో మధ్యవర్తి ఉండడు. కుర్రవాడిచేత ‘ఇండిపెండెంట్ కాంట్రాక్టర్’ అగ్రిమెంటు మీద సంతకం పెట్టించి నెలనెలా డాలర్లు పంపించేస్తారు.

నాకు అభ్యంతరమంతా ఈ రెండో దారిని వాడుతున్న తీరు మీద. నిజంగా నాలుగైదు కంపెనీలకు పనిచేస్తూ, తన టైము తనే చూసుకుంటూ, తన రేటు తనే చెప్పే ఫ్రీలాన్సర్‌కు కాంట్రాక్టర్ అగ్రిమెంటు సరిగ్గా సరిపోతుంది. నా దగ్గరకొచ్చే పత్రాలు అలా ఉండవు. రోజూ ఫలానా టైముకి మీటింగులో ఉండాలి, వారానికి 40 గంటలు పనిచేయాలి, ఇంకెవరి పనీ చేయకూడదు, సెలవు కావాలంటే మేనేజర్‌ని అడగాలి, లాప్‌టాప్ కంపెనీదే. ఇవన్నీ రాసి చివర్లో ‘ఇది ఉద్యోగం కాదు’ అని ఒక లైను బోల్డు అక్షరాల్లో వేస్తారు.

ఆ ఒక్క లైనుతో వ్యవహారం తేలిపోదని మన సుప్రీంకోర్టు ఏనాడో చెప్పింది. 1973 నాటి సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్లిందే. దర్జీలకు కుట్టిన బట్టను బట్టి పీస్ రేటు. ఎప్పుడు వచ్చి ఎప్పుడు వెళ్లాలన్న కట్టుబాటు గట్టిగా లేదు. కొందరు బట్ట ఇంటికి తీసుకెళ్లి కూడా కుట్టేవారు. వీళ్లు మా ఉద్యోగులు కారని షాపు వాదన. మిషన్లు షాపువి, ఎలా కుట్టాలో చెప్పేది షాపు, నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనే హక్కు షాపుది, కాబట్టి వీళ్లు ఉద్యోగులేనని కోర్టు తేల్చింది. మిషన్ స్థానంలో లాప్‌టాప్ పెట్టి చదువుకోండి. కోడ్ నచ్చకపోతే తిప్పికొట్టి మళ్లీ రాయమనే మేనేజర్ కూడా సరిగ్గా అక్కడే ఉంటాడు.

సాఫ్ట్‌వేర్ వాళ్ల లోకం వేరు, ఈ దర్జీల కేసులు వాళ్లకెందుకు అంటారేమో. మైక్రోసాఫ్ట్‌కే ఈ దెబ్బ తగిలింది. ఫ్రీలాన్సర్లని పేరు పెట్టి ఏళ్ల తరబడి తన సొంత ఉద్యోగుల పక్కనే కూర్చోబెట్టి పని చేయించుకుంది. వాళ్లు కోర్టుకెక్కారు. చివరికి 2000 సంవత్సరంలో 9.7 కోట్ల డాలర్లకు రాజీ పడాల్సి వచ్చింది.

ఇంత చట్టం మనవైపు ఉన్నా, విదేశీ కంపెనీ మీద దాన్ని ప్రయోగించడం ఎలా? అగనంపూడి వైపు ఒక అమ్మాయి ఇలాగే కాంట్రాక్టర్‌గా చేస్తూ ఉండేది. ఉన్నట్టుండి రెండు నెలల డబ్బు రాలేదు. మెయిళ్లకు జవాబు ఆగిపోయింది, ఆఫీసు చాట్‌లోంచి పేరు తీసేశారు. అగ్రిమెంటు తిరగేస్తే వివాదాలన్నీ అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర కోర్టుల్లోనే తేల్చుకోవాలని ఉంది. ఫిర్యాదు రాయడానికి కూర్చుంటే యజమాని చిరునామా అనే గడి దగ్గరే ఆగిపోయాం. నోటీసు అందుకునే మనిషి ఈ దేశంలో లేడు, జప్తు చేయడానికి ఒక కుర్చీ కూడా లేదు. లాయరుకు ఇచ్చే ఫీజు రావాల్సిన డబ్బును మించిపోతుందని లెక్క తేలాక ఆ అమ్మాయి వదిలేసింది. ఇంకో ఉద్యోగం దొరికింది, బాగానే ఉంది. డబ్బు మాత్రం పోయినట్టే.

అదే ఏడాది ఈఓఆర్ ద్వారా చేరిన ఒక కుర్రాణ్ని కూడా విదేశీ కంపెనీ వీడియో కాల్‌లో తీసేసింది. తీసేసిన తీరులో మర్యాద ఏమీ లేదు. కానీ అప్పాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చిన కంపెనీ ఇక్కడే ఉంది కాబట్టి నోటీసు కాలం జీతం, మిగిలిన సెలవుల డబ్బు అడిగి తీసుకున్నాడు. తొలగించిన రెండు పనిదినాల్లో వేతనం చెల్లించాలని కొత్త కార్మిక చట్టాల్లో ఒకటైన వేతన కోడ్ చెబుతోంది. అంత తొందరగా ఇచ్చారని అనను, ఒకటికి రెండుసార్లు మెయిల్ పెట్టాకే ఇచ్చారు. ఇచ్చారు, అదీ నాకు కావలసింది. కంపెనీ ఏ దేశంలో ఉన్నా నాకు అభ్యంతరం లేదు. యజమాని మాత్రం పిలిస్తే పలికే దూరంలో ఉండాలి.

మరి పిల్లలు కాంట్రాక్టర్ దారికే ఎందుకు మొగ్గుతున్నారు? వాళ్లను అమాయకులనుకోవద్దు, లెక్క తెలిసే వెళ్తున్నారు. నెలకు 2,500 డాలర్లు అనుకుందాం. డాలరుకు 85 రూపాయలు వేసినా ఏడాదికి 25.5 లక్షలు. వృత్తినిపుణులు వచ్చినదాంట్లో సగమే లాభంగా చూపి పన్ను కట్టే వెసులుబాటు ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. 2025-26 కొత్త విధానం స్లాబులతో వేస్తే పన్ను సుమారు 74 వేలు. అదే 25.5 లక్షలు జీతంగా వస్తే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా పన్ను సుమారు 3.35 లక్షలు. ఇరవై ఆరేళ్ల కుర్రాడికి ఈ తేడా చూపించి పీఎఫ్ గురించి ఉపన్యాసం ఇస్తే వింటాడా? మా అబ్బాయే వినలేదు.

ఈ లెక్కలో దాగిన సంగతులు తర్వాత బయటపడతాయి. ఆ సగం వెసులుబాటు వృత్తి చేసుకునేవాళ్లకు. ఒకే కంపెనీకి, అడిగి సెలవు తీసుకుంటూ, చెప్పిన టైముకి పనిచేసేవాడు వృత్తినిపుణుడెలా అయ్యాడని రేపు అధికారి అడిగితే జవాబు సిద్ధంగా ఉండాలి. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. విదేశాలకు ఇచ్చే సేవ ఎగుమతి కిందకు వస్తే పన్ను సున్నాయే, నిజమే. కానీ అందుకు ఏటా ఎల్‌యూటీ (పన్ను ముందు కట్టకుండా ఎగుమతి చేయడానికి జీఎస్టీ శాఖకు ఇచ్చే హామీపత్రం) దాఖలు చేయాలి, లేదంటే ముందు 18 శాతం కట్టి తర్వాత రీఫండ్ కోసం తిరగాలి. డబ్బు విదేశీ మారకంలో వచ్చిందనడానికి బ్యాంకు ఇచ్చే కాగితం దాచుకోవాలి. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఈ ఎల్‌యూటీ పేరు విన్నవాళ్లే తక్కువ. ఫ్లాట్ కొందామని హోమ్‌లోన్‌కి వెళ్లినప్పుడు బ్యాంకు మేనేజర్ పేస్లిప్ అడిగితే వీళ్ల దగ్గర ఉండేది వాళ్లకు వాళ్లే తయారుచేసుకున్న ఇన్వాయిస్. ఇక ఆడపిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు జీతంతో రావాలంటే ఉద్యోగి అయి ఉండాలి. కాంట్రాక్టర్‌కు ప్రసవం తన సొంత ఖర్చు, తన సొంత నష్టం. పెళ్లయిన అమ్మాయిలకు ఇది మొదటే చెబుతాను. పన్ను తేడా చూసి ఊగిసలాడేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచిస్తారు.

ఈఓఆర్‌ను నేను నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోవద్దు. అందులోనూ కళ్లు తెరుచుకుని చూడాల్సినవి ఉన్నాయి. మా ప్రాంతంలో పెద్ద ప్లాంట్ల గేట్ల దగ్గర పనిచేసినవాళ్లకు ఒక సంగతి అనుభవం: మనిషి అదే, పని అదే, సూపర్‌వైజరూ అదే, కానీ కాంట్రాక్టర్ మారిన రోజు సర్వీసు మళ్లీ ఒకటో రోజు నుంచి. లాప్‌టాప్ ఉద్యోగాల్లోనూ ఇదే జరుగుతోంది. విదేశీ కంపెనీ ఫీజు తక్కువని ఒక ఈఓఆర్ నుంచి ఇంకోదానికి మారుతుంది. కుర్రాడికి ఒక మెయిల్ వస్తుంది, ‘వచ్చే నెల నుంచి మీ పేస్లిప్ ఫలానా కంపెనీ నుంచి’ అని. జీతం తగ్గలేదు కదా అని సంతకం పెట్టేస్తాడు. గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ల సర్వీసు ఉండాలి. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, పైన చెప్పిన జీతంలో సగం బేసిక్ అనుకుంటే, ఐదేళ్లకు మూడు లక్షలు దాటుతుంది. నాలుగో ఏట కంపెనీ మార్చారంటే పాత సర్వీసు కలుస్తుందని కొత్త లెటర్‌లో రాయించుకోకపోతే ఆ మూడు లక్షలకు నీళ్లు వదులుకున్నట్టే. పైగా చాలా ఆఫర్లలో గ్రాట్యుటీని సీటీసీలో, అంటే కంపెనీ చెప్పే మొత్తం జీతం లెక్కలో, కలిపి చూపిస్తారు. ఇస్తామన్న జీతంలోంచి కోసి, ఇవ్వాల్సిన రోజు రాకుండానే లెక్క మూసేస్తారు. స్థిరకాల ఒప్పందం మీద తీసుకున్నవాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ అని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు చెబుతున్నాయి. అందుకే లెటర్‌లో ఏ రకం ఉద్యోగమని రాశారో చదవాలి. అప్పాయింట్‌మెంట్ లెటర్ అందరికీ ఇవ్వాల్సిందేనని కూడా ఆ కోడ్‌లలో ఉంది. లెటర్ లేదు, వాట్సాప్‌లో ఓకే అన్నారు అని వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

పీఎఫ్‌లో ఇంకో మెలిక. చట్టం ప్రకారం వేతన పరిమితి 15,000. అందుకని లక్ష రూపాయల బేసిక్ ఉన్నవాడికి కూడా 15,000 మీదే 12 శాతం వేసి నెలకు 1,800 కట్టే కంపెనీలు ఉన్నాయి. అది చట్టవిరుద్ధం కాదు. పూర్తి బేసిక్ మీద కడతారా అని అడిగితే ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు, అడగాలి అంతే. అసలు మొదటి ఉద్యోగంలోనే బేసిక్ 15,000 దాటితే పీఎఫ్‌లో చేర్చకపోయినా తప్పు పట్టలేం. కాబట్టి చేరేముందే తేల్చుకోవాలి. చేరాక నెలనెలా పాస్‌బుక్‌లో డబ్బు పడిందో లేదో చూసుకోవడం వాళ్ల పని. కోత పేస్లిప్‌లో కనిపించి పాస్‌బుక్‌లో కనిపించకపోతే ఆ రోజే అడగాలి. మూడేళ్ల తర్వాత అడిగితే నాలాంటి వాళ్లకు గిరాకీ తప్ప ఇంకేమీ ఉండదు.

ఉద్యోగం మానేశాక రెండేళ్ల దాకా పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు చూసి పిల్లలు భయపడతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద అలాంటి షరతు మన దేశంలో చెల్లదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం వేరే పని చేయొద్దనడం, కంపెనీ రహస్యాలు బయటపెట్టొద్దనడం వేరే సంగతి. అవి పాటించాల్సిందే.

విదేశీ కంపెనీలకు కూడా భయాలున్నాయి. ఇక్కడ ఆఫీసు లేదు కాబట్టి పన్ను బాధ లేదని కొందరు అనుకుంటారు, ఈఓఆర్ పెట్టాక ఇక ఏ చింతా లేదని ఇంకొందరు అనుకుంటారు. రెండూ పూర్తిగా నిజం కాదు. ఇక్కడి మనిషి కంపెనీ తరఫున బేరాలు కుదిర్చి ఒప్పందాలు ఖరారు చేస్తుంటే, పన్ను ఒప్పందాల ప్రకారం ఆ కంపెనీకి ఇండియాలో స్థిర సంస్థ (పన్ను వేయదగిన వ్యాపార స్థావరం) ఉన్నట్టే లెక్క కట్టవచ్చు. అప్పుడు ఇక్కడికి చెందే లాభం మీద విదేశీ కంపెనీల రేటు, అంటే 35 శాతం పన్ను. సొంత ఆఫీసంటూ లేకపోయినా వ్యవహారం నడిపే పట్టు ఉంటే సరిపోతుందని 2025 జులైలో హయత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పడంతో ఈ భయం పెరిగింది. అందుకే కోడింగ్, టెస్టింగ్, డిజైన్ ఉద్యోగాలకు ఒప్పుకున్నంత సులువుగా సేల్స్ ఉద్యోగాలకు ఒప్పుకోరు. ‘ఇండియా హెడ్’ అని హోదా వేయమని ఒక కుర్రాడు పట్టుబట్టాడు, పెళ్లి సంబంధాలకు బాగుంటుందట. కంపెనీ ‘సీనియర్ అసోసియేట్’ దగ్గరే ఆగింది. వాళ్ల జాగ్రత్త వాళ్లది, వాడి ముచ్చట వాడిది.

ఈ వ్యవహారం ఒకవైపు నుంచే నడవదు. మన విశాఖ వాళ్లూ ఇప్పుడు అటు మనుషుల్ని వెతుక్కుంటున్నారు. 2025లో అమెరికా సుంకాలు పెంచాక రొయ్యల ఎగుమతిదారులు యూరప్, జపాన్ అంటూ కొత్త మార్కెట్ల వెంట పడ్డారు. పరవాడ ఫార్మా కంపెనీలకు అక్కడి నియంత్రణ సంస్థల దగ్గర పత్రాలు చూసే మనిషి కావాలి. నాకు తెలిసిన ఒక ఎగుమతిదారు జర్మనీలో ఒక తెలుగబ్బాయిని పెట్టుకుని నెలనెలా డబ్బు పంపిస్తానని, కాగితాలెందుకని అన్నాడు. జర్మనీలో అలా కుదరదు. ఒక కంపెనీ తన ఉద్యోగిని ఇంకో కంపెనీ కింద పనికి పెట్టాలంటే అక్కడ ప్రభుత్వ లైసెన్సు కావాలి. ఒకే మనిషిని ఒకే కంపెనీ దగ్గర మామూలుగా 18 నెలలకు మించి ఉంచకూడదు. లైసెన్సు లేకుండా చేస్తే ఆ మనిషి నేరుగా పని చేయించుకున్న కంపెనీ ఉద్యోగి అయిపోతాడు. అక్కడ ఈఓఆర్ కంపెనీని ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది ఆ లైసెన్సు గురించే, ఫీజు సంగతి తర్వాత. ఆయనకు ఇవన్నీ చెబితే “జర్మనీ వాడికి ఇన్ని రూల్సా!” అన్నాడు. తన ప్రాసెసింగ్ షెడ్డులో పనిచేసే ఆడవాళ్ల పీఎఫ్ చలాను గురించి ప్రతి నెలా నాతో అనే మాట కూడా ఇదే.

మన దగ్గర ఈఓఆర్‌కంటూ అలాంటి ప్రత్యేక లైసెన్సు లేదు. కాంట్రాక్ట్ లేబర్ నిబంధనలు మాత్రం ఉన్నాయి. మధ్యవర్తి ఆ మనిషిని నిజంగా తన పర్మనెంట్ ఉద్యోగిగా చూసుకుంటూ, ఇంక్రిమెంట్లు, సామాజిక భద్రత ఇస్తుంటే అతను కాంట్రాక్ట్ లేబర్ కిందకు రాడని కొత్త కోడ్ అంటోంది. పేరుకు మాత్రం యజమానిగా ఉండి పేస్లిప్ ముద్రించడం తప్ప ఇంకేమీ చేయని మధ్యవర్తి సంగతేమిటి? 1978లో కాలికట్ తాళ్ల ఫ్యాక్టరీ కార్మికుల కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ కాంట్రాక్టర్ అనే తెర తీసి, వెనకున్న ఫ్యాక్టరీనే యజమాని అన్నారు. ఆ ఫ్యాక్టరీ కాలికట్‌లోనే ఉంది కాబట్టి తెర తీస్తే కార్మికులకు లాభం కలిగింది. ఇప్పుడు తెర తీస్తే వెనక కనిపించేది వేరే దేశం. అందుకే ముందు నిలబడ్డ కంపెనీ గట్టిదై ఉండాలని నా పట్టుదల. అది ఎప్పుడు రిజిస్టరైంది, ఏటా లెక్కలు దాఖలు చేస్తోందా అన్నది కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి తాతగారి ఊరు దాకా వాకబు చేసే మనవాళ్లు దీనికి పావుగంట పెట్టలేరా?

ప్రభుత్వాన్ని నేను అడిగేది పెద్దదేం కాదు. ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా మహిళలకు, ప్రోత్సహిస్తామని ముఖ్యమంత్రి 2025 ఫిబ్రవరిలోనే అన్నారు. మంచిదే. ఆ ఇంట్లో కూర్చున్న అమ్మాయికి జీతం ఆగిపోతే ఎవరి దగ్గరకు వెళ్లాలో కూడా చెప్పాలి. రుషికొండ ఐటీ కొండల మీద ఒక గదిలో, కార్మిక శాఖ నుంచి ఒకరు, పీఎఫ్ నుంచి ఒకరు, జీఎస్టీ తెలిసినవారు ఒకరు వారానికి ఒక పూట కూర్చుని ఈ పత్రాలు చదివి చెబితే చాలు. విదేశీ కంపెనీ మీద కేసు వేయమని అడగడం లేదు. సంతకం పెట్టేముందు చదివిపెట్టమంటున్నాను. ఆంధ్రా యూనివర్సిటీలోనూ, చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ ప్లేస్‌మెంట్ సెల్‌లు ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో కూడా నేర్పుతున్నాయి. అప్పాయింట్‌మెంట్ లెటర్‌కి, కాంట్రాక్టర్ అగ్రిమెంటుకి తేడా ఒక్క క్లాసులో చెప్పవచ్చు.

ఇక మీకు ఒక విన్నపం. విశాఖ ఎడిషన్‌లో వారానికి పావు పేజీ ఈ ప్రశ్నల కోసం కేటాయించండి. పేర్లు తీసేసి, పాఠకులు పంపిన ఆఫర్ లెటర్లలోని షరతుల మీద సమాధానాలు వేయండి. పీఎఫ్, గ్రాట్యుటీ, లెటర్ల సంగతి నేను రాసిస్తాను, పారితోషికం అక్కర్లేదు. పన్ను, జీఎస్టీ ప్రశ్నలకు మాత్రం ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌ను చూసుకోండి. 10 నుంచి 15వ తేదీ మధ్య మాత్రం నాకు ఫోన్ చేయవద్దు, చలాన్ల హడావిడి.

ఇట్లు,
ఒక పీఎఫ్, ఈఎస్ఐ కన్సల్టెంట్,
గాజువాక, విశాఖపట్నం
(పేరు, ఫోన్ నంబరు ప్రచురించవద్దని మనవి)